న్యూట్రాన్ తార, రెడ్ జెయింట్ జంట: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలూ, టెలిస్కోప్ చుట్టూ చేరే పెద్దలూ అడిగే సందేహాలు ఏటా అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవొచ్చు. న్యూట్రాన్ తార అంటే బరువైన నక్షత్రం సూపర్‌నోవాగా పేలాక మిగిలే చిన్న, దట్టమైన ముద్ద. ముసలిదై ఉబ్బి ఎర్రబడ్డ నక్షత్రం, అంటే తెలుగు పుస్తకాల్లో అరుణ మహాతార అని రాసేదాన్నే, ఇక్కడ రెడ్ జెయింట్ అంటున్నాం. నక్షత్రాల బరువులన్నీ సూర్యుడి బరువుతో పోల్చి చెప్పినవే: 1.4 అని ఉంటే సూర్యుడికి 1.4 రెట్లు అని అర్థం.

## జంట నిలబడటం

సూపర్‌నోవా పేలితే పక్క నక్షత్రం ఎగిరిపోదా?

చాలాసార్లు ఎగిరిపోతుంది. కక్ష్య గుండ్రంగా ఉన్న జంటలో మొత్తం బరువులో సగానికి పైగా ఒక్కసారిగా బయటికి పోతే రెండూ విడిపోతాయి. ఉదాహరణకి, పేలే హీలియం నక్షత్రం (పై హైడ్రోజన్ పొర పోగొట్టుకున్నది) బరువు 4, పక్కది 1 అనుకోండి. పేలాక మిగిలే న్యూట్రాన్ తార 1.4. పోయింది 2.6, మొత్తం 5లో సగం 2.5. అంటే విడిపోవాల్సిందే. అయితే పేలుడు అన్ని వైపులా సమంగా జరగదు, న్యూట్రాన్ తారకి సెకనుకి వందల కిలోమీటర్ల వేగంతో ఒక తన్ను తగులుతుంది. ఆ తన్ను సరైన దిక్కున పడితే విడిపోవాల్సిన జంట నిలుస్తుంది, వేరే దిక్కున పడితే నిలవాల్సింది విడిపోతుంది. ఇలాంటి జంటలు అరుదుగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

రెండూ ఒకేసారి పుట్టాయా? అలాగైతే ఒకటి చచ్చి, ఇంకోటి ఇప్పుడే ముసలిదవడం ఏంటి?

పుట్టడం ఒకేసారి. బరువున్న నక్షత్రం ఇంధనాన్ని దుబారాగా కాల్చేస్తుంది: సూర్యుడికి పది రెట్లుండేది రెండు మూడు కోట్ల ఏళ్ళలో అయిపోతుంది, సూర్యుడంతదానికి దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ళు పడుతుంది. అందుకే న్యూట్రాన్ తార ముందు పుట్టి, తోడు ముసలిదయ్యేదాకా వందల కోట్ల ఏళ్ళు కాచుకుని ఉంటుంది. అప్పటికి దాని రేడియో స్పందనలు, అంటే తిరిగేకొద్దీ క్రమం తప్పకుండా వచ్చే రేడియో తరంగాల మెరుపులు, ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి.

సైజులో తేడా ఎంత?

న్యూట్రాన్ తార వ్యాసార్థం సుమారు 12 కిలోమీటర్లు. శ్రీకాకుళం నడిబొడ్డు నుంచి ఆమదాలవలస దాకా ఉండే దూరం దాదాపు అంతే. సూర్యుడికి 40 రెట్లు ఉబ్బిన రెడ్ జెయింట్ వ్యాసార్థం 2 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు. న్యూట్రాన్ తారని ఆవగింజ అనుకుంటే జెయింట్ ఒక పట్టణమంత, నాలుగైదు కిలోమీటర్ల అడ్డుకొలత. అయినా తరచుగా బరువు ఎక్కువ ఆవగింజకే.

## గాలి దశ

రెండూ దూరంగా ఉంటే పదార్థం ఎలా చేరుతుంది?

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలికి పోతుంది చూడండి, రెడ్ జెయింట్ పై పొరలు అలా పోతుంటాయి. ఆ నక్షత్ర గాలి వేగం సెకనుకి 10 నుంచి 20 కిలోమీటర్లు. సూర్యుడి గాలి 400 పైచిలుకు, కాబట్టి దీన్ని నెమ్మదైనదనే చెప్పాలి. నెమ్మదైన గాలే న్యూట్రాన్ తార గురుత్వాకర్షణకి చిక్కుతుంది. జెయింట్ వదిలే పదార్థం అంతే ఉండి గాలి వేగం మాత్రం రెట్టింపైతే చిక్కేది 16వ వంతుకి పడిపోతుంది. ఇలాంటి జంటల్ని సింబయాటిక్ ఎక్స్-రే జంటలు అంటారు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఏది?

జీఎక్స్ 1+4. 1970లో బెలూన్ పంపి చేసిన ఎక్స్-రే పరిశీలనలో దొరికింది. కక్ష్యాకాలం 1161 రోజులు, తోడు ఎం తరగతి (బాగా చల్లని) రెడ్ జెయింట్. ఇందులో న్యూట్రాన్ తార తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరగడానికి నిమిషాలు పడుతుంది. 1970ల్లో ఏటేటా వేగం పుంజుకుంది. 1980ల మొదట్లో ఎక్స్-రే కాంతి బాగా తగ్గిపోయింది. మళ్ళీ కనిపించేసరికి తిరుగుడు వేగం తగ్గుతోంది! అప్పట్లో రెండు నిమిషాల చుట్టు ఇప్పుడు మూడు నిమిషాల దరిదాపుల్లో ఉంది. పడే పదార్థం ఎప్పుడూ వేగం పెంచుతుందని రాసే విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అయస్కాంత క్షేత్రం పదార్థాన్ని పట్టుకునే చోట ఆ పదార్థం తారకంటే నెమ్మదిగా తిరుగుతుంటే, అది బ్రేకు పనే చేస్తుంది.

టీ కరోనే బొరియాలిస్ కూడా ఇదే రకమా?

కాదు. ఉత్తర కిరీటంలోని ఆ జంటలో రెడ్ జెయింట్ ఉంది కానీ తోడు న్యూట్రాన్ తార కాదు, తెల్ల మరుగుజ్జు, అంటే సూర్యుడిలాంటి నక్షత్రం చచ్చాక మిగిలే గుండె. 1866లోనూ 1946లోనూ ఉన్నట్టుండి మెరిసిన నక్షత్రం, అంటే నోవా, అది. కక్ష్యాకాలం సుమారు 227.6 రోజులు.

## పొర్లే దశ

రోష్ లోబ్ అంటే ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక గట్టుకి అటూ ఇటూ రెండు చెరువులు ఉన్నాయనుకోండి. ఒక చెరువు నిండుతూ వస్తే నీళ్ళు గట్టంతా దాటవు, పల్లంగా ఉన్న అలుగు దగ్గరే దాటతాయి. రెండు నక్షత్రాల మధ్య గురుత్వాకర్షణల్నీ, కక్ష్యలో తిరగడం వల్ల వచ్చే అపకేంద్ర ప్రభావాన్నీ కలిపి గీస్తే అచ్చం అలాంటి గట్టే వస్తుంది. ఒక్కో చెరువు ఒక్కో రోష్ లోబ్. అలుగు పేరు మొదటి లగ్రాంజ్ బిందువు. రెడ్ జెయింట్ ఉబ్బి తన లోబ్ నిండితే అలుగు పారుతుంది.

జెయింట్ ఎంత ఉబ్బితే అలుగు పారుతుంది? లెక్క చూపిస్తారా?

న్యూట్రాన్ తార 1.4, జెయింట్ 1.0 తీసుకోండి. కెప్లర్ మూడో నియమం ప్రకారం దూరం ఘనం = మొత్తం బరువు × కక్ష్యాకాలం వర్గం. దూరం భూమి–సూర్యుల దూరాల్లో, కాలం సంవత్సరాల్లో ఉండాలి. కక్ష్యాకాలం 10 రోజులైతే అది 0.0274 ఏళ్ళు. దూరం 0.1216 వస్తుంది, అంటే 26 సౌర వ్యాసార్థాలు. ఈ బరువుల నిష్పత్తికి జెయింట్ వైపు లోబ్, ఎగిల్టన్ సూత్రంతో, దూరంలో 0.35 వంతు. కాబట్టి జెయింట్ సూర్యుడికి 9 రెట్లు ఉబ్బగానే పొర్లుతుంది.

అదే లెక్క మిగతా కాలాలకి:

- 1 రోజు: సుమారు 2 సౌర వ్యాసార్థాలు. జెయింట్ కాకముందే నిండిపోతుంది.
- 100 రోజులు: 42.
- 1000 రోజులు: 197. సూర్యుడంత నక్షత్రం ఆ దశ కొసకి చేరాక తప్ప అంత ఉబ్బదు.

వెయ్యి రోజులు దాటిన జంటల్లో అలుగు పారడం కష్టం, అక్కడ గాలే గతి. విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు రోజుల్ని ఏళ్ళలోకి మార్చకుండా లెక్క వేయడం. రెండోది, బరువుల నిష్పత్తిని తలకిందులుగా పెట్టడం: పైన ఉండాల్సింది ఎవరి లోబ్ లెక్కిస్తున్నామో వాళ్ళ బరువు.

కక్ష్యాకాలం ఒక్క రోజుకి అటూ ఇటూ ఉంటే అంత తేడా ఎందుకంటారు?

సుమారు ఒక రోజు కంటే దగ్గరగా మొదలైన జంటలో అయస్కాంత బ్రేకింగ్ (తోడు నక్షత్రం గాలి, అయస్కాంత క్షేత్రం కలిసి తిరుగుడుని లాగేయడం), గురుత్వ తరంగాలు కక్ష్యని కుదించేస్తాయి. తోడు నక్షత్రం జెయింట్ అయ్యే యోగం దానికి లేదు. ఆ గీతకి అవతల మొదలైనదానిలో తోడు ఉబ్బడమే ముందుంటుంది, కక్ష్య వెడల్పవుతుంది. గీత ఖచ్చితంగా ఎక్కడుంటుందన్నది బ్రేకింగ్‌కి ఏ సూత్రం వాడారన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే రెండు పేపర్లలో రెండు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి.

పదార్థం ఇచ్చేస్తుంటే దగ్గరవ్వాలి కదా, కక్ష్య పెద్దదవుతుందేం?

తేలికైనది బరువైనదానికి ఇస్తే పెద్దదవుతుంది, బరువైనది తేలికైనదానికి ఇస్తే చిన్నదవుతుంది. కారణం కోణీయ ద్రవ్యవేగం. తేలికైన నక్షత్రం ఉమ్మడి కేంద్రానికి దూరంగా ఉంటుంది, దాని పదార్థానికి కోణీయ ద్రవ్యవేగం ఎక్కువ. అది కేంద్రానికి దగ్గరగా ఉన్న బరువైన నక్షత్రానికి చేరితే మిగిలిపోయిన కోణీయ ద్రవ్యవేగాన్ని కక్ష్య మోయాలి, కాబట్టి విచ్చుకుంటుంది.

ఏమీ బయటికి పోలేదనుకుంటే దూరం రెండు బరువుల లబ్ధం వర్గానికి విలోమంగా ఉంటుంది. 1.4, 1.0 జంటలో 0.7 అటు మారితే 2.1, 0.3 అవుతాయి. లబ్ధం 1.4 నుంచి 0.63కి పడింది. దూరం 4.9 రెట్లు, కక్ష్యాకాలం 11 రెట్లు. 10 రోజుల జంట 110 రోజులదవుతుంది. నిజంలో న్యూట్రాన్ తార అంతా ఉంచుకోదు, చాలా భాగం బయటికి చిమ్ముతుంది. అయినా కక్ష్య పెరిగే తీరు ఇదే.

న్యూట్రాన్ తార ఎంత మింగగలదు? హద్దు ఉందా?

ఉంది, ఎడింగ్టన్ హద్దు. పడే పదార్థం వేడెక్కి వెలిగే కాంతి కొత్తగా వచ్చేదాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెడుతుంది. 1.4 బరువుకి ఆ హద్దు ఏడాదికి సూర్యుడి బరువులో ఐదున్నర కోట్లవ వంతు. వినడానికి పిసరంత, కానీ సెకనుకి లక్ష కోట్ల టన్నులు. ఒక గ్రాము పదార్థం నేలని తాకితే దాని నిశ్చల శక్తిలో 17 శాతం దాకా విడుదలవుతుంది. హైడ్రోజన్ కలయికలో వచ్చేది 0.7 శాతమే. నాలుగు గ్రాములు పడితే హిరోషిమా బాంబుకి సమానం.

పొర్లే వేగం కక్ష్యాకాలంతో పాటు పెరుగుతుంది. వందల రోజుల జంటల్లో పొర్లేది హద్దుని దాటిపోతుంది, మిగిలింది వృథా. వాటి కాపురం పొట్టిది కూడా.

ఎక్స్-రే కాంతి ఎప్పుడూ ఒకేలా ఎందుకు ఉండదు?

పదార్థం నేరుగా పడదు. తుపాను కన్ను చుట్టూ మేఘాలు తిరిగినట్టు అక్రీషన్ డిస్క్‌గా తిరుగుతూ, రాపిడితో కోణీయ ద్రవ్యవేగం పోగొట్టుకుంటూ లోపలికి జారుతుంది. కక్ష్య పెద్దదైతే డిస్క్ కూడా పెద్దది, దాని అంచులు చల్లగా ఉంటాయి. చల్లని చోట హైడ్రోజన్ అయనీకరణ కాదు, రాపిడి తక్కువ, పదార్థం పోగవుతుంది. పోగై వేడెక్కి హైడ్రోజన్ అయనీకరణ కాగానే మదుము తలుపు ఎత్తినట్టు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. 1995 డిసెంబరులో కనబడ్డ జీఆర్‌ఓ జే1744-28 అలా ఉన్నట్టుండి వెలిగినదే: కక్ష్యాకాలం 11.8 రోజులు, తిరుగుడు 0.467 సెకను.

సిగ్నస్ ఎక్స్-2 అనే ఎక్స్-రే జంటలో తోడు ఎర్రగా లేదు, జెయింట్ ఎలా అయింది?

మంచి ప్రశ్న. కక్ష్యాకాలం 9.84 రోజులు. తోడు ఇప్పుడు సూర్యుడి బరువులో సగం పైచిలుకు, కానీ ఆ బరువుకి తగనంత వేడిగా, వెలుగుగా ఉంది. అది ఒకప్పుడు 3.5 బరువు దాకా ఉండి, పై పొరలన్నీ పోగా మిగిలిన లోపలి భాగమని లెక్కలు చెబుతున్నాయి. పోయినదాంట్లో న్యూట్రాన్ తారకి చేరింది కొంచెమే.

## మింగేసే దశ

జెయింట్ బాగా బరువుగా ఉంటే ఏమవుతుంది?

రెడ్ జెయింట్ పై పొర లోపల మరిగే గంజిలా పొర్లాడుతుంటుంది. అలాంటి పొర పదార్థం కోల్పోయేకొద్దీ కుంచించుకోదు, ఇంకా ఉబ్బుతుంది. జెయింట్ న్యూట్రాన్ తారకంటే బాగా బరువైతే కక్ష్య ఓ పక్క కుంచించుకుంటుంటే నక్షత్రం ఇంకో పక్క ఉబ్బుతుంటుంది. జెయింట్ బరువు సుమారు 2 దాటితే ఈ ముప్పు మొదలవుతుంది. అలుగు సరిపోక గట్టే తెగినట్టు న్యూట్రాన్ తార జెయింట్ కడుపులోకి వెళ్ళిపోతుంది. దీన్ని ఉమ్మడి ఆవరణ దశ అంటారు. పోలండ్ శాస్త్రవేత్త బోదాన్ పచింస్కీ 1976లో ఈ ఆలోచనని గట్టిగా ముందుకు తెచ్చారు.

లోపల న్యూట్రాన్ తార రాపిడితో గుండ్రంగా దిగుతూ కక్ష్య శక్తిని పై పొరకి ఇస్తుంది. ఆ శక్తి పొరని పూర్తిగా ఊడగొట్టడానికి చాలితే, గంటల నుంచి రోజుల కక్ష్యలో న్యూట్రాన్ తార, తెల్ల మరుగుజ్జు మిగులుతాయి. పీఎస్‌ఆర్ బీ0655+64 అలాంటిదే (పీఎస్‌ఆర్ అంటే పల్సర్, స్పందనలు పంపే న్యూట్రాన్ తార): కక్ష్య 1.03 రోజులు, తిరుగుడు 0.196 సెకను. పదార్థం చేరే వ్యవధి తక్కువ కాబట్టి దాని వేగం పెద్దగా పెరగలేదు.

శక్తి చాలకపోతే?

న్యూట్రాన్ తార నడిమధ్యకి చేరి, పైకి ఎర్ర మహాతారలా కనిపించే విచిత్రమైన వస్తువు మిగలొచ్చు. కిప్ థోర్న్, అన్నా జిట్కోవ్ 1977లో దాని నమూనా రాశారు. చిన్న మెజెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలోని హెచ్‌వీ 2112 అలాంటిదని 2014లో అన్నారు, తర్వాత దానిపై అభ్యంతరాలు వచ్చాయి. ఇదే అని తేలినది ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

న్యూట్రాన్ తార నేరుగా జెయింట్‌ని ఢీకొనదా?

మన చుట్టుపక్కల ఆకాశంలో కాదు. గోళాకార గుచ్ఛాల్లో, నక్షత్రాలు సంతలో జనంలా కిక్కిరిసిన చోట, అవుతుంది. ఎన్‌జీసీ 6624 గుచ్ఛంలో 4యూ 1820-30 అనే జంట 685 సెకన్లకి, అంటే 11.4 నిమిషాలకి, ఒక చుట్టు తిరుగుతుంది. అలాంటి ఢీలో జెయింట్ పొరలు ఊడి మిగిలిన జంట అని ఒక బలమైన వాదన.

## మిగిలేది

మిల్లీసెకను పల్సర్ అంటే కొత్తగా పుట్టినదా, ముసలిదా?

ముసలిది, మళ్ళీ తిప్పినది. కుమ్మరి సారె నెమ్మదిస్తే అంచున కర్రపెట్టి తిప్పుతారు. డిస్క్ లోపలి అంచు న్యూట్రాన్ తారకి చేసేది అదే. సెకనుకి వందల చుట్లకి తేవడానికి సూర్యుడి బరువులో 0.1 చాలు. అదే సమయంలో అయస్కాంత క్షేత్రం లక్ష కోట్ల గౌస్ నుంచి 10 కోట్ల గౌస్‌కి పడిపోతుంది. పడిన పదార్థం కింద పూడుకుపోతుందా, పైపొరలో కరిగిపోతుందా అన్నది ఇంకా వాదనలో ఉంది.

ఇందులో మనవాళ్ళ పాత్ర చాలామందికి తెలియదు. 1982లో 1.558 మిల్లీసెకన్ల పల్సర్ బీ1937+21 దొరికింది, పక్కన తోడు లేదు. అది ఒకప్పుడు జంటలో ఉండి వేగం తెచ్చుకున్నదని అదే ఏడు బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ రాశారు. అమెరికాలో ఇంకో బృందం కూడా విడిగా అదే మాట చెప్పింది. శాక్స్ జే1808.4-3658 సెకనుకి 401 చుట్లు తిరుగుతూ ఎక్స్-రే స్పందనలు ఇస్తోందని 1998లో తేలడంతో పదార్థం పడుతుండగా వేగంగా తిరిగే తార కళ్ళెదుటే కనబడింది.

చివరి కక్ష్య చూసి తెల్ల మరుగుజ్జు బరువు చెప్పొచ్చంటారు, నిజమా?

నిజం. ఈ విషయం మొత్తంలో అందమైన ముక్క ఇదే. రెడ్ జెయింట్ ఎంత ఉబ్బుతుందో దాని హీలియం గుండె బరువే నిర్ణయిస్తుంది, పై పొరలో ఎంత మిగిలిందన్నది కాదు. పొర్లినంత కాలం జెయింట్ సైజూ లోబ్ సైజూ ఒక్కటే. కాబట్టి పొర అయిపోయి పొర్లడం ఆగే నాటి కక్ష్యలో గుండె బరువు రాసిపెట్టినట్టే. ఆ గుండే తెల్ల మరుగుజ్జు.

ఆకాశంలో సరిచూసుకోవచ్చు. పీఎస్‌ఆర్ జే0437-4715 కక్ష్య 5.74 రోజులు, తోడు బరువు సుమారు 0.22. పీఎస్‌ఆర్ జే1713+0747 కక్ష్య 67.8 రోజులు, తోడు 0.29. కక్ష్య పెరిగితే తోడు బరువు పెరిగింది. పల్సర్ బీ0820+02 కక్ష్య మరీ పెద్దది, 1232 రోజులు, తిరుగుడు 0.86 సెకను దగ్గరే ఆగింది. దాని జెయింట్ కాపురం పొట్టిదని ఆ నెమ్మదే చెబుతోంది.

ఇంత తిన్నాక న్యూట్రాన్ తార బ్లాక్ హోల్ అయిపోదా?

మామూలుగా కాదు. తోడు ఇవ్వగలిగేదే ఒక సూర్యుడి బరువు లోపు, అందులోనూ చాలా భాగం చిమ్మిపోతుంది. బాగా తిన్నవాటిలో పీఎస్‌ఆర్ జే0740+6620 బరువు సుమారు 2.08, అది ఇంకా పల్సర్‌గానే ఉంది.

## మన ఆకాశంలో, మన కంప్యూటర్లో

రోహిణి, స్వాతి, జ్యేష్ఠ పక్కన న్యూట్రాన్ తార ఉందా?

లేదు. రోహిణి, స్వాతి రెడ్ జెయింట్లే, కానీ న్యూట్రాన్ తార తోడు లేదు. జ్యేష్ఠకి తోడుంది, అది నీలి వేడి నక్షత్రం.

ఇలాంటి జంట బైనాక్యులర్‌లో కనిపిస్తుందా?

ఒకటి కనిపిస్తుంది: హెర్క్యులిస్ నక్షత్రమండలంలోని వీ934, ఎక్స్-రే పేరు 4యూ 1700+24. కనబడేది రెడ్ జెయింట్ మాత్రమే, ప్రకాశం (మాగ్నిట్యూడ్) సుమారు 7.6. కక్ష్యాకాలం దాదాపు 12 ఏళ్ళు. తోడు న్యూట్రాన్ తార అనే లెక్క, అయితే స్పందనలు మాత్రం దొరకలేదు.

ఎక్కడ చూడాలంటే, డెల్టా హెర్క్యులిస్ నుంచి నైరుతిగా రెండు డిగ్రీలు. 10×50 బైనాక్యులర్‌లో రెండూ ఒకే చూపులో పడతాయి. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు కాబట్టి అది దాదాపు నడినెత్తికి, 84 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఏప్రిల్ చివర్లో తెల్లవారుజాము 3 గంటలకి, మే నెల మధ్యలో ఒంటిగంటన్నర దాటాక. జూన్ నుంచి మబ్బులు. అక్టోబరు సాయంత్రాల్లో పడమట మళ్ళీ దొరుకుతుంది. పడుకుని చూడండి, లేకపోతే మెడ పట్టేస్తుంది. కళింగపట్నం, బారువ తీరాల్లో చీకటి బాగుంటుంది కానీ ఉప్పు తేమ లెన్సు మీద చేరుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు బ్లోయరుతో ఊది, తర్వాత లెన్సు ద్రవంతో తుడవాలి. జీఎక్స్ 1+4 కోసం వెతక్కండి. ధూళి అడ్డుపడి చిన్న టెలిస్కోప్‌కి అందదు.

ప్రాజెక్టుకి నిజమైన డేటా ఎక్కడ దొరుకుతుంది?

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది మ్యాక్సీ పరికరం రోజువారీ ఎక్స్-రే కాంతి లెక్కలు ఉచితంగా ఇస్తుంది. జీఎక్స్ 1+4 తిరుగుడు వేగం చరిత్ర ఫెర్మీ ఉపగ్రహం జీబీఎం బృందం పేజీలో ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో భాండాగారంలో దొరుకుతుంది.

రెండు చోట్ల దెబ్బతింటారు. మ్యాక్సీ డేటాలో 70 రోజుల దగ్గర ఒక ఆవర్తనం కనబడితే సంబరపడకండి, అది అంతరిక్ష కేంద్రం కక్ష్య తిరుగుడు కావచ్చు. రెండోది, స్పందనల కాలం కొలిచే ముందు సమయాల్ని సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చాలి. భూమి అటూ ఇటూ తిరగడం వల్ల కిరణాలు వచ్చే సమయంలో 8 నిమిషాల దాకా తేడా వస్తుంది. మూడు నిమిషాల పల్సర్‌కి అంత తేడా వస్తే లెక్క మొత్తం పోయినట్టే.

నక్షత్రాల జీవితాన్ని లెక్కగట్టే మీసా సాఫ్ట్‌వేర్‌లో జంట నడిపితే మధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?

న్యూట్రాన్ తారని బిందువుగా తీసుకునే నమూనా ఫోల్డరు దాని బైనరీ పరీక్షల్లోనే ఉంది, దాన్ని కాపీ చేసుకుని మొదలుపెట్టండి. తోడు 1.0, బిందువు 1.4, కక్ష్యాకాలం 10 రోజులు పెట్టండి. పొర్లడం మొదలయ్యే క్షణంలో కాలపు అడుగు పెద్దదైతే పరిష్కారం కుదరక ఆగుతుంది. అక్కడ అడుగు తగ్గించాలి. ఆగకుండా నడిచినా న్యూట్రాన్ తార అసాధ్యంగా బరువెక్కితే ఎడింగ్టన్ హద్దు ఆప్షను ఆన్ చేయలేదన్నమాట. కక్ష్యాకాలం మరీ పెద్దగా పెడితే జెయింట్ పొర్లకుండానే హీలియం ఫ్లాష్‌కి (గుండెలో హీలియం ఒక్కసారిగా అంటుకునే ఘట్టానికి) చేరి, రాత్రంతా నడిచినా కదలదు. ముందు 10 రోజులతో ఒకసారి పూర్తిచేసి, తెల్ల మరుగుజ్జు బరువు 0.3 దగ్గరా చివరి కక్ష్య వంద రోజుల దగ్గరా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు మిగతా కాలాలకి వెళ్ళండి.